మళ్ళీ నిలబెట్టిన తాడి

మొన్న గ్యాసు బండ కోసం ఫోను నొక్కుతూ కూర్చుంటే "పొరపాటు జరిగింది, మళ్ళీ ప్రయత్నించండి" అని వచ్చింది. ఎవరి పొరపాటే అని అడిగితే మా మనవరాలు పకపకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది, ఎందుకంటే ఆ మాట మా నాయనమ్మ నోట ఎలాంటి రోజున విన్నానో నాకింకా గుర్తుంది.

శ్రీకాకుళం అవతల సముద్రపొడ్డున మాది చేపలవేట మీద బతికిన కుటుంబం. అరవైల చివర్లో, నేను పరికిణీలు కట్టే రోజుల్లో, మా ఇసకదిబ్బ మీద ఒంటరి తాడిచెట్టు ఒకటుండేది. వేట నుంచి తిరిగొచ్చే తెప్పలకి అదే గురుతు. దానికి సూటిగా వస్తే మెత్తటి ఒడ్డు, కాస్త ఉత్తరానికి జరిగితే నీళ్ళలో దాగిన రాళ్ళు. మా చిన్నాన్న వేటకి వెళ్ళేవాడు కాదు, కావిడిమీద చేపలు ఊళ్ళకి మోసేవాడు. కట్టుకుంటున్న ఇంటికి దూలం కావాలని ఒకరోజు, నాన్న సముద్రంలో ఉండగానే, ఆ చెట్టుని కొట్టేశాడు. ఒడ్డున తిరిగేవాడికి అది ఉత్త చెట్టే కదా!

మధ్యాహ్నానికి గాలి తిరిగి, మబ్బు దిగి, సముద్రమంతా మసకేసింది. మిగతా తెప్పలన్నీ అంతకుముందే ఒడ్డెక్కాయి, నాన్నదే రాలేదు. తాడిచెట్టేదని ఎవరో కేకేశారు. అమ్మ ఇసకలో కూలబడిపోయింది. తప్పుచేశావంటూ నలుగురూ చిన్నాన్న మీదికి పోతుంటే, గొడ్డలి ఇంకా చేతిలోనే ఉన్న కొడుక్కి నాయనమ్మ అడ్డంగా నిలబడింది.

"తప్పంటే తెల్సి సేసింది. ఈడు సేసింది పొరపాటు. సరిసెయ్యడానికి ఇంకా పొద్దున్నాది. ఏడుపులాపి మోకులట్టుకు రండి."

తెప్పలు లాగే మోకులతో, ఆడామగా అందరూ కలిసి, తల తెగిన ఆ మాను కొసకి నాయనమ్మ ఎర్రచీర కట్టి, గొయ్యి తవ్వి నిలబెట్టారు. అది రెండుసార్లు ఒరిగింది, చిన్నాన్న భుజం ఆన్చి ఆపాడు. అంతలో మసకలోంచి నాన్న తెప్ప కనిపించింది, రాళ్ళ వైపుకే వస్తూ. మేమంతా గొంతులు చించుకుని అరిచాం గానీ ఆ హోరులో ఏం వినిపిస్తుంది? ఎంతసేపటికో తెప్ప తల మెల్లగా దక్షిణానికి తిరిగింది.

ఒడ్డెక్కిన నాన్న పైకి చూసి, "తాడికి తలేదిరా?" అన్నాడు. ఒక్కరూ నవ్వలేదు.

ఆ మోడుని చిన్నాన్న మరి దూలానికి తీయలేదు, ఇల్లూ పూర్తిచేయలేదు, గుడిసెలోనే ఉండిపోయాడు. చాన్నాళ్ళకి ఒకసారి నాయనమ్మని అడగడం విన్నాను. "ఆ రోజు అన్నియ్య రాకపోతే ఏటనేదానివమ్మా?" నాయనమ్మ వల అల్లుతూనే ఉంది.

ఇప్పుడు పడవలకి ఇంజన్లొచ్చాయి, దారి చూపే యంత్రాలొచ్చాయి, తల్లులు అలా కూలబడే పని తగ్గింది, సంతోషమే. కానీ ఈ ఫోను, పొరపాటు జరిగిందని చెప్పి ఊరుకుంటుంది, చేసిన మనిషి మాత్రం ఎక్కడా కనిపించడు. మా చిన్నాన్న బతికినన్నాళ్ళూ, గాలివానల కాలం వచ్చిందంటే చాలు, ఆ మోడు మొదట్లో ఇసక తొక్కి గట్టిచేస్తూనే ఉండేవాడు.