బస్సు కింద చెప్పిన సినిమా

బస్సుల షెడ్డులో అతన్ని సొంత పేరుతో పిలిచేవాళ్లు లేరు. అందరికీ క్లైమాక్సే. కొత్త సినిమా వస్తే మొదటి ఆట చూడాలి, మర్నాడు బస్సు కింద గుంతలో నిలబడి బ్రేకులు విప్పుతూ ఆఖరి ముక్కతో సహా కథంతా చెప్పెయ్యాలి. "నాయనా, నేనింకా చూడలేదు" అని చెవులు మూసుకున్నా వదిలే రకం కాదు. పనిలో మాత్రం వంక పెట్టడానికి లేదని పేరు. ఆ పేరంటే అతనికి ప్రాణం.

ఆ ఉదయమూ అంతే. పక్కన పనిచేస్తున్న మెకానిక్ స్వయానా అతని భార్య తమ్ముడే కాబట్టి ఇక నోటికి అడ్డేముంది?

"గోడలోంచి నడిచొచ్చే దెయ్యం తలుపెందుకు కొట్టిందిరా? మర్యాదా?"

"బావా, ముందు పని చూడు."

"చూస్తున్నాలే. పోయిన వారం సినిమాలో ముగ్గురన్నదమ్ములు సినిమా అంతా ఏడ్చారు. ఒక్కడైనా ముక్కు చీదాడా?"

మధ్యాహ్నం ఆ బస్సే కొండ దాటి అవతలి ఊరికి బయల్దేరింది. వాళ్లక్కను చూసొస్తానని అతని భార్య కూడా అందులోనే వెళ్లింది. ఆమెను ఎక్కించి అతను నేరుగా సినిమాకి పోయాడు.

తెర మీద హీరో కారు కింద పడుకుని, హీరోయిన్‌తో సరసాలాడుతూ బోల్టు బిగిస్తున్నాడు. క్లైమాక్స్‌కి ఒళ్లు మండింది. ఇదేం చోద్యం! ఇన్ని కబుర్ల మధ్య బిగించాడో లేదో వీడికైనా తెలుస్తుందా? రేపు షెడ్డులో ఈ డైరెక్టర్ని ఉతికి ఆరెయ్యాలి అనుకున్నాడు. అనుకుంటూనే బిగుసుకుపోయాడు. పొద్దున తను బ్రేకు రాడ్డు తగిలించాడు. అది జారిపోకుండా అడ్డంగా గుచ్చే చిన్న పిన్ను గుచ్చాడా?

ఎంత గింజుకున్నా గుర్తు రాలేదు. దెయ్యం గుర్తుంది, ముక్కు చీదని అన్నదమ్ములు గుర్తున్నారు, పిన్ను మాత్రం గుర్తులేదు. అది లేని బండి కొండ దిగుతుంటే బ్రేకు మీద కాలు వేసినా ఆగదు. ఏసీ హాల్లో అతనికి ముచ్చెమటలు పోశాయి.

ఆఖరి పేరు పడేదాకా కుర్చీ వదలని మనిషి, పక్కవాళ్ల కాళ్లు తొక్కుకుంటూ బయటపడ్డాడు. భార్య ఫోను అందడం లేదు. కొండల్లో సిగ్నల్ ఉండి చస్తేగా! డ్రైవరు ఎత్తలేదు. బామ్మర్దీ ఎత్తలేదు. ఇక షెడ్డుకే పరుగు తీశాడు. 'కిటికీ పక్కన కూర్చో, గాలొస్తుంది' అని భార్యకు తనే చెప్పిన మాట గుర్తొచ్చి, నడివీధిలో ఏడుపు తన్నుకొచ్చింది.

షెడ్డు కుళాయి దగ్గర బామ్మర్ది చేతులు కడుక్కుంటున్నాడు.

"ఒరేయ్, బస్సు ఆపించరా! పిన్ను పెట్టలేదు! అక్క ఉందిరా అందులో!"

"గోల చెయ్యకు బావా. నువ్వు మర్చిపోయావని నేను పెట్టాను. లేకపోతే అక్కని ఎక్కనిస్తానా?"

క్లైమాక్స్ అక్కడే తడి నేల మీద కూలబడ్డాడు. పోయిన ప్రాణం లేచొచ్చింది. "నీ కడుపు చల్లగుండ" అంటూ బామ్మర్ది చేతులు పట్టుకున్నాడు. "అప్పుడే చెప్పావు కావేంరా?"

"చెబితే నొచ్చుకుంటావని. అయినా ఇదేమన్నా మొదటిసారా? నువ్వు సినిమా మొదలెట్టావంటే, నీ వెనకాలే ఓసారి చూసుకుంటూ రావడం నాకు అలవాటేగా."

"అలవాటా?"

బామ్మర్ది నవ్వబోయి, బావ ముఖం చూసి ఆగిపోయాడు.

"మొన్న జ్వరమొచ్చి వారం రోజులు రాలేదు కదరా నువ్వు. అప్పుడు నా వెనకాల ఎవరు చూశారు?"

బామ్మర్ది కుళాయి కట్టేసి షెడ్డంతా కలయజూశాడు. షెడ్డులో ఒక్క బండి లేదు. అన్నీ రోడ్ల మీదే ఉన్నాయి.

"సూపర్‌వైజరుకి ఫోన్ కలుపు" అన్నాడు క్లైమాక్స్. "ఆ వారం నా చేతి మీదుగా పోయిన బండ్లన్నీ ఎక్కడివక్కడ ఆపమను. ఎందుకని అడిగితే నాకివ్వు, నేనే చెబుతాను."

అవతల ఫోను మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తడం లేదు.