అత్తకు పంపిన మెసేజ్

రాజపాళయంలో మా మందుల షాపులో మాత్రలు తీసి ఇచ్చేది నేనే. తప్పు చేయనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది. పెరటాసి అనే అరవ నెలలో ఒక శనివారం అది దిగిపోయింది. ఆ మధ్యాహ్నం మా అత్త, అంటే నాన్న చెల్లెలు, పక్క ఊరు మంసాపురం నుంచి వచ్చి బీపీ మాత్రలు తీసుకొని వెళ్ళింది. ఆమె బస్సెక్కిన గంటకు చూస్తే బీపీ అట్ట బల్లమీదే ఉంది. నేను ఆమె సంచిలో వేసింది షుగర్ మాత్రలు. ఆమెకు షుగర్ లేదు. పైగా పెరటాసి శనివారాలు పొద్దుగూకేదాకా ఉపవాసం. ఆరు గంటలకు, తిండికి ముందే, మాత్ర వేసుకుంటుంది.

ఖాళీ కడుపున అది పడితే షుగర్ దిగిపోయి ప్రాణం మీదికి వస్తుంది. షాపు ల్యాండ్‌లైన్ నుంచి ఎన్నిసార్లు చేసినా కలవలేదు. వాళ్ళ తోటలో సిగ్నల్ అంతంత మాత్రం. కాల్ పోదు గానీ మెసేజ్ ఎట్లాగో చేరుతుంది. నా సెల్లులో రీచార్జ్ అయిపోయింది. ఇక మిగిలింది షాపు ఈమెయిలు. మందులు అయిపోవచ్చాయని గుర్తుచేస్తూ దాన్నుంచే అందరికీ ఇంగ్లీషులో పంపుతాం, వాళ్ళ సెల్లుకు మెసేజ్‌గా వెళుతుంది. అత్తకు ఇంగ్లీషు రాదు. ఇంట్లో తెలుగు మాట్లాడినా మేమంతా చదువుకున్నది అరవం. తెలుగు రాయాలన్నా అరవ అక్షరాల్లోనే రాస్తాం. అట్లాగే కొట్టాను, ఆ మాత్ర వేసుకోవద్దని. ఒకటి కాదు, ఆరు పంపాను.

జవాబు లేదు. అసలు పోతోందో లేదో చూద్దామని నా నంబరుకూ ఒకటి పంపుకున్నాను. వచ్చింది. షాపు పేరు, దాని కింద వరసగా ప్రశ్న గుర్తులు. ఒక్క అక్షరం లేదు. ఇంగ్లీషు తప్ప ఇంకేదీ దానికి చేతకాదని ఇన్నేళ్ళూ నాకు తెలియదు. ఏడుపు వచ్చింది, కోపమూ వచ్చింది. గడియారంలో అయిదున్నర. మంసాపురం పోదామని షట్టర్ దించాను.

అప్పుడు ఎదురుగా ఆటో ఆగి అత్త దిగింది.

"ఏమే, నీకు ఏమైందే? ఆరు తడవలు వట్టి కొక్కీలే వచ్చినాయి. రాసేదానికి కూడా శక్తి లేకుండా పడిపోయినావేమోనని వచ్చేసినా."

"మాత్ర వేసుకొన్నావా, అత్తా?"

"మాత్ర యాడ వేసుకొనేది? చెప్పులు కూడా తొడుక్కోకుండా పరుగెత్తుకొచ్చినా."

ఆమె పాదాల నిండా ఎర్రమట్టి. ఆమెను మెట్టుమీద కూర్చోబెట్టాను. షట్టర్ ఎత్తి, బల్లమీది బీపీ అట్ట తెచ్చి ఆమె చేతిలో పెట్టి, చేసిన తప్పు చెప్పాను.