డొల్ల చప్పుడు

తొమ్మిదో తరగతిలో మాకు ఒక పాత నవల పెట్టారు. మొత్తం గ్రాంథికం. పంతులు ఎవరినో ఒకరిని లేపి చదివించి అర్థం చెప్పమనేవారు. నా వంతు వస్తుందేమోనని భయపడేదాన్ని. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ టీచరమ్మ దగ్గర నిఘంటువు అడిగి తెచ్చుకుని మాటమాటకూ వెతికేదాన్ని. వాక్యం చివరికి వచ్చేసరికి మొదలు మరిచిపోయేదాన్ని. కథానాయిక తోటలోకి వెళ్లి ఒక్క పువ్వు కోయడానికి నాకు మూడు రోజులు పట్టింది. ఆమె మొహం చూడబుద్ధి కాలేదు.

మా నాయన బొగ్గుబాయిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టే పని చేసేవాడు. చదువు రాదు. ఒకరోజు మొదటి షిఫ్టు దిగి వచ్చి, స్నానం చేసి మంచం మీద కూర్చుని నా అవస్థ చూశాడు.

"ఏంది బిడ్డా, రాయి రాయి ముట్టుకుంట పోతే బాయిల పని అయితదా? మేం కట్టెతోని పైకప్పు కొట్టి చప్పుడు ఇంటం. ఖంగుమంటే ముందుకు పోతం. డొల్లగ ఇనొస్తె ఆడ ఆగి దుంగ పెడ్తం. నువ్వు పెద్దగ చదువు, నేనింట."

చదివాను. అర్థమై నా గొంతు సాగినంతసేపు ఊరుకునేవాడు. తెగిన చోట మంచం కోడు మీద వేలి కణుపుతో కొట్టి, "ఆగు, ఈడ డొల్లగున్నది" అనేవాడు. తెలిసినట్టు నటిస్తూ నేను గబగబా దాటబోయే చోట్లు సరిగ్గా అవే. ఆ మాట ఒక్కటే వెతికేదాన్ని. నెల తిరిగేసరికి సగం పుస్తకం అయింది. అమ్మ బియ్యం ఏరుతూ కథానాయకుణ్ణి తిట్టడం కూడా మొదలుపెట్టింది.

ఒకరోజు పొద్దున పదకొండింటికి సైరన్ మోగింది. షిఫ్టు మారే వేళ కాదు. అలా మోగితే బాయిలో ప్రమాదమని మా కాలనీలో ఎవరూ ఎవరినీ అడగక్కర్లేదు. అమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా బాయి గేటు దగ్గరికి ఉరికింది. బడికి సెలవై ఇంట్లో ఉన్న నన్ను అక్కడే ఉండమంది. పుస్తకం తెరిచి ఖాళీ మంచానికి చదివి వినిపించాను. ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. నాయన చచ్చిపోయి ఉంటాడన్న ఆలోచనకు మాత్రం నిఘంటువు అక్కర్లేకపోయింది.

మధ్యాహ్నం నాయన తన కాళ్ల మీదే నడిచి వచ్చాడు. మసితోనే మంచం మీద కూలబడ్డాడు. ఆయనతో ఏళ్లుగా జతగా పనిచేసే ఆయన దవాఖానలో ఉన్నాడు. పైకప్పు కూలి రెండు కాళ్లూ నలిగిపోయాయి.

"నేనే కొట్టి చూసిన. ఖంగుమన్నది. రా అన్నా అని నేనే పిలిచిన" అన్నాడు నాయన.

పడింది మా నాయన మీద కాదు కదా అని సంతోషపడ్డాను. ఆ సంతోషానికి ఇప్పటికీ సిగ్గుపడతాను.

సాయంత్రం పుస్తకం తెమ్మన్నాడు. మొదటి మాట చదవగానే కోడు మీద కొట్టాడు.

"ఇది ఎరుకే నాయనా."

"ఎరుకైనా సూడు."

రెండో మాటకూ కొట్టాడు. మూడో మాటకూ కొట్టాడు. నా భయం కన్నా ఆయన భయం పెద్దదని అప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం మేం ఒక్క వాక్యం కూడా దాటలేదు. "ఇల్లు" అన్న మాట దగ్గర కూడా ఆగమన్నాడు. నేను నిఘంటువు తీసి, ఇల్లు అంటే ఏమిటో వెతికి చదివి వినిపించాను.