దంతె వేసిన మడి

మా పెద్దనాన్న ఆల్చిప్పలు ఏరి బతికినవాడు. సముద్రం వెనక్కి తగ్గిన వేళ పళ్ళున్న దంతెతో బురద గీరి, చిప్పలు బుట్టకెత్తుకుని, గీరిన చోటల్లా మళ్ళీ తిరగేసి వచ్చేవాడు. "తీసుకున్నాక గుల్ల చేసి రావాలిరా, బురదకీ ఊపిరాడాలి" అనేవాడు. ఇంట్లో పరుపు దులపమంటే మాత్రం నడుం నొప్పి వస్తుందని పెద్దమ్మ ఎత్తిపొడిచేది.

ఫ్యాక్టరీల మురుగు పడీ పడీ ఆ బురద నల్లబడింది. కుళ్ళిన గుడ్ల కంపు. చిప్పలు నోళ్ళు తెరిచి చచ్చాయి. ఆయన దంతె మూలన పెట్టి, ఓ గోదాములో కాపలాకి కుదిరాడు.

ఏళ్ళ తర్వాత ఇంజనీరమ్మ ఒకావిడ వచ్చింది. ఉక్కు కొలిమిలో మిగిలి, గుట్టలుగా పారబోసిన చిట్టాన్ని వానల్లో నాననిచ్చి, గులకరాళ్ళంత చేయించి, నల్ల బురద మీద దుప్పటిలా పరిపించింది. కంపు అణిగింది. అందులో ఆల్చిప్ప పిల్లల్ని వదిలారు. ఈ ఒక్క మడిలో అవి చలికాలం దాకా బతికితే తీరమంతా పరుస్తారట. లేదంటే ఇంతటితో సరి. పెద్దనాన్న రోజూ గట్టు మీద కూర్చుని కాపు కాసేవాడు. పనివాళ్ళకి తన సీసాలో మంచినీళ్ళిచ్చేవాడు. ఆ పిల్లల్ని చల్లగా చూడమని దేవుణ్ణి అడిగేవాడు.

కొన్నాళ్ళకి చిట్టెం మీద మెత్తటి మట్టి పేరింది. పిల్లలకి ఊపిరాడదేమోనని ఆయనకి బెంగ పట్టుకుంది. ఎవరినీ అడగలేదు. తెల్లవారగానే దంతె తీసుకుని దిగి, మడంతా ఓపిగ్గా, లోతుగా తిరగేసి వచ్చాడు. ఆ పూట ఆకలేస్తోందని పెద్దమ్మని మారు వడ్డించమన్నాడు.

చిట్టెం కింద అణిగి ఉన్న నలుపంతా పైకి వచ్చేసింది. వారం తిరక్కుండా పిల్లలన్నీ చచ్చిపోయాయి.

ఇంజనీరమ్మకి తానే వెళ్ళి చెప్పాడు. ఆవిడ గొంతుక్కూర్చుని ఒక చిప్పను అరచేతిలో పెట్టుకు చూసింది.

"మీరు మంచికే చేశారు, తాతగారూ. కదపకూడదని ముందే చెప్పాల్సింది నేను."

"తిట్టమ్మా. తిడితే ఇంటికి పోతాను."

ఆవిడ తిట్టలేదు. ఆయన పొద్దుగూకే దాకా అక్కడే నిలబడిపోయాడు.

పనివాళ్ళు గుడారం విప్పుకుని వెళ్ళిపోయారు. మా వీధిలో ఎవరూ ఆయన ఎదుట ఆ మాట ఎత్తలేదు. ఆయనే ఎదురైన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు, తిరగేసింది తానేనని. "తెలుసులే బాబాయ్, కూర్చో" అని బల్ల మీద చోటిచ్చేవారు. ఆ చోటు ఆయన భరించలేకపోయాడు. కొన్నాళ్ళకి ఆ వీధిన రావడమే మానేశాడు.