దొడ్డివాకిలి తాడు

మా చిన్నప్పుడు మా దొడ్డివాకిలి తలుపుకి రెండు వేళ్ళు పట్టేంత బొక్క ఒకటి ఉండేది... లోపల చెక్క గడియ. ఆ గడియకి కట్టిన తాడు బొక్కలోంచి బయటికి వేలాడేది. బయటినుంచి తాడు లాగితే గడియ లేస్తుంది, తలుపు తెరుచుకుంటుంది. అంతే మా ఇంటి భద్రత!

ముందు వాకిలికి మాత్రం జానెడు తాళం చెవి. చుట్టాలు, బేరగాళ్ళు, అప్పుడప్పుడూ వచ్చే మా మేనత్త మొగుడు... అందరూ ఆ వాకిట్లో నిలబడి పిలవాల్సిందే. తాడు లాగి వచ్చేవాళ్ళు వేరు. వాళ్ళెవరో మా అవ్వ నిర్ణయించేది.

తమిళనాడు ధర్మపురిలో మాది చింతపండు వ్యాపారం. కాయ దిగే రోజుల్లో తెల్లారకముందే సరోజక్క తాడు లాక్కుని లోపలికి వచ్చేసేది. వెనక సందులోనే ఆమె ఇల్లు. మేము నిద్ర లేచేసరికి వసారాలో సగం బుట్ట కాయ కొట్టి, గింజ తీసేసి ఉండేది. ఆదివారం వస్తే నా తలకి నూనె అంటేది కూడా ఆమే. కళ్ళల్లో సీకాయ పడి నేను ఏడిస్తే, "ఊరుకోవే, పెండ్లి చేసినట్లు ఏడుస్తావు" అని నవ్వేది.

ఒకరోజు అవ్వ వెండి కుంకుమ భరిణె కనిపించలేదు...

ఇల్లంతా వెతికారు. మా నాయన ఎవరి పేరూ ఎత్తలేదు. తిన్నగా దొడ్డివాకిలి దగ్గరికి పోయి తాడు లోపలికి లాగేశాడు.

"ఒరే, సరోజని అనుమానిస్తే కండ్లు పోతాయి" అంది అవ్వ.

"నేనెవుర్నీ ఏమీ అనలేదేమ్మా. కొన్నాళ్ళు తాడు లోపలుండనీ, అంతే."

మర్నాడు పొద్దున నేను ఆ తలుపు పక్కనే పళ్ళు తోముకుంటున్నాను. బయట గాజుల చప్పుడైంది. కాసేపటికి బొక్కలోంచి రెండు వేళ్ళు లోపలికి వచ్చాయి... చింతపండుకి నల్లబడిన గోళ్ళు. తాడు జారి లోపల పడిందేమో అని పైకీ కిందికీ తడిమాయి. తాడు గడియకి చుట్టి ఉంది. ఆ చుట్టు వేళ్ళకి తగిలింది. ఆగిపోయాయి.

నేను గడియ ఎత్తొచ్చు. ఒక్క మాట, "అక్కా" అనొచ్చు. వెనక వసారాలో నాయన కూర్చుని ఉన్నాడని భయం. నోట్లో పళ్ళపొడి పెట్టుకుని అలాగే నిలబడ్డాను. వేళ్ళు మెల్లగా వెనక్కి పోయాయి.

మూడు రోజులకి భరిణె దొరికింది. అదియమాన్‌కోట్టై గుడికి పోయినప్పుడు అవ్వే సంచిలో వేసుకుని మర్చిపోయింది. చిలక్కొయ్యకి తగిలించిన సంచి అడుగున ఉంది!

నాయన వెంటనే తాడు బయటికి వదిలాడు. పాతది తీసేసి కొత్త తాడు కూడా కట్టాడు. సరోజక్క రాలేదు.

"పోయి పిల్చుకొని రారా" అంది అవ్వ.

"నేనేమన్నా అన్నానా? అనని మాటకి పోయి ఏమని చెప్పేది? తాడు బయటే ఉంది కదా, ఆమెకి కండ్లు లేవా?"

ఆ తాడు ఎండకి ఎండి, వానకి తడిసి, పీచులు పీచులుగా ఊడిపోయింది గానీ ఎవరూ లాగలేదు. అవ్వ పోయిన రోజు సరోజక్క వచ్చింది. ముందు వాకిట్లో, పరాయివాళ్ళతో పాటు నిలబడి, చూసి, వెళ్ళిపోయింది. నాయన తల కూడా ఎత్తలేదు.

ఇప్పుడు చెట్టికరై వైపు మేము ఇల్లు కట్టుకున్నాం. పునాది పడకముందే మా ఆయన గేటు గురించి నెల రోజులు ఆలోచించాడు... ఏ మూల కెమెరా, ఎక్కడ బెల్లు, ఏ తాళం. చివరికి వేలిముద్ర తాళం పెట్టించాడు. బిగించడానికి వచ్చినతను, "వంద వేళ్ళు ఎక్కించొచ్చు మేడం, ఇంకెవురున్నారు?" అని అడిగాడు. మేమిద్దరం, పిల్లలిద్దరు. ఐదో పేరు కోసం చాలాసేపు ఆలోచించాను. లేదు. సిగ్గేసింది.

మొన్న బుధవారం నేను పాపారపట్టిలో ఒక సీమంతానికి పోయి వచ్చేసరికి గేటు సందులో పెళ్ళి పత్రిక ఉంది. ఎవరు పెట్టారా అని ఫోన్‌లో గేటు కెమెరా రికార్డింగు తీసి చూశాను...

సరోజక్క. నడుము వంగిపోయింది. బెల్లు ఎక్కడుందో తెలియక గోడంతా తడిమింది. అవే వేళ్ళు. మెరుస్తున్న తాళం మీద వేలు పెట్టింది. ఎర్ర దీపం వెలిగింది, మిషన్ ఇంగ్లీషులో ఏదో అంది. ఆమె దానికి దగ్గరగా వంగి, "నేనేమ్మా... సరోజని" అని చెప్పింది.

మళ్ళీ వేలు పెట్టింది. మళ్ళీ ఎర్ర దీపం.

అంతలో అంగట్లో ఉన్న మా ఆయన తన ఫోన్‌లోంచే గేటు మైకులో అడిగాడు. "ఎవరది? ఏం కావాలి?" పాపం, ఆయనకి ఆమె ఎవరో తెలీదు.

ఆమె గొంతు ఎక్కణ్ణుంచి వస్తోందో అని అటూ ఇటూ చూసింది. "ఏమీ వద్దప్పా... మనవరాలి పెండ్లి. పత్రిక ఇచ్చిపోదామని వచ్చినాను."

"అక్కడ పెట్టి పోండి."

పెట్టి పోయింది.

ఎన్ని సంవత్సరాల కోపం దిగమింగుకుని, ఎంతమందిని దారి అడుక్కుంటూ వచ్చిందో! రెండోసారి కూడా మా తలుపు ఆమెని వద్దనే అంది.

అప్పటినుంచి మూడు రోజులుగా గేటు బార్లా తీసిపెట్టి వరండాలో కూర్చుంటున్నాను. "లక్ష పోసి తాళం పెట్టిస్తే ఇదేం పనే?" అని మా ఆయన కేకలు. పట్టించుకోలేదు. ఆమె మళ్ళీ వస్తుందేమో, ఈసారి తెరిచే ఉందని చూస్తుందేమో అని...

నిన్న సాయంత్రం తట్టింది, నేను చేస్తున్నది ఏమిటో. మా నాయన కొత్త తాడు కట్టి వదిలాడే, అదే.

సరోజక్క ఇల్లు ఇక్కడికి బండి మీద పది నిమిషాలు. పెళ్ళి వచ్చే గురువారం. పోయి ఏమని చెప్పేది?

మీ చిన్నప్పుడు కూడా పిలవకుండా లోపలికి వచ్చే మనిషి ఒకరు ఉండే ఉంటారు. ఎవరో రాయండి, చదువుతాను. వాళ్ళ ఇల్లు ఎక్కడో తెలిసుంటే మాత్రం ముందు అక్కడికి పోయి, తర్వాత రాయండి. నాకు తెలుసు... అయినా గేటు తెరుచుకుని ఇక్కడే కూర్చున్నాను.