రేగడిలో పెట్రోలు బండి

సిద్దిరాములు ముందు కొట్టి తర్వాత మాట్లాడే రకం. భైంసా చుట్టుపక్కల ఎవరినడిగినా ఇదే మాట చెబుతారు, చెబుతూ కొందరు దవడ కూడా తడుముకుంటారు. మస్కట్ ఎడారిలో క్యాంపులకు నీళ్లూ సామానూ మోసే పికప్ బండి తోలుతూ ఏళ్లకేళ్లు బతికాడు. "నీకు బండి తోలడం రాదు" అన్న పాపానికి అక్కడి ఫోర్‌మన్ భుజం ఎముక విరగ్గొట్టి, జైలు కూడు తిని, కట్టుబట్టలతో ఇంటికొచ్చి పడ్డాడు. వచ్చి ఊరుకున్నాడా? పెళ్లాం నర్మద మీద చెయ్యి చేసుకున్నాడు. ఆమె చిట్లిన పెదవితోనే బస్సెక్కి పెద్దపల్లిలో పుట్టింటికి పోయింది, మళ్లీ ఈ దిక్కు చూడలేదు. నన్నడిగితే మంచి పని చేసింది.

ఇక మిగిలింది అక్క కోమల. తల్లి పోయిన నాటి నుంచి అతన్ని చంకనేసుకుని పెంచింది ఆమే. మస్కట్ నుంచి వచ్చాక రెండు పూటలా తిండి ఆమె ఇంట్లోనే. జొన్నరొట్టె కాల్చి, మీద ఎర్రకారం వేసి, "ముందుగాల తిను తమ్మీ, ఆకలి మీదున్నవంటే ఎవల్నన్న కొడ్తవ్" అని నవ్వేది. ఆ మనిషికి లోకంలో తెరిచి ఉన్న తలుపు అదొక్కటే, ఆ సంగతి అతనికీ తెలుసు.

కోమల మొగుడు బాలమల్లు డీజిల్ మెకానిక్కు. సన్నగా, నెమ్మదిగా ఉంటాడు గానీ నోరు మాత్రం ఊరుకోదు. బావాబామ్మర్దులిద్దరికీ ఒకటే పిచ్చి, గుట్టలూ వాగులూ దాటే పెద్ద ఇంజన్ పికప్‌లు. గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన వాళ్లలో ఈ పిచ్చి చాలామందికే ఉంది. పాత బండి కొని, ఎత్తు లేపి, నాలుగు చక్రాలకూ పట్టు వచ్చేటట్టు చేసి, ఆదివారమైతే చాలు, గుట్టల మీద పడతారు. మిగతా రోజుల్లో మల్లేష్ వెల్డింగ్ షెడ్డులో కూర్చుని కొట్టుకు చస్తారు. కొట్టుకోవడమంటే మాటలతో అనుకునేరు, అక్కడ మాటలు మొదలు మాత్రమే.

సిద్దిరాములు హైదరాబాద్ తుక్కు బజారులో ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజన్ వెతికి తెచ్చి తన బండికి ఎక్కించాడు. ఇంజన్ కూర్చోబెట్టడం మల్లేష్ చేశాడు. దిగబడితే గొలుసేసి లాగే ముందరి హుక్కు మాత్రం సిద్దిరాములు తనే అతికించుకున్నాడు. "అతుకు సరిగ్గ పడలేదన్నా, మళ్ల ఏస్త" అని మల్లేష్ అంటే, "నాకు రాదంటవా?" అని వాడి కాలరు పట్టుకున్నాడు. మల్లేష్ మళ్లీ ఆ హుక్కు ఊసెత్తలేదు.

"పెట్రోల్ తొక్కంగనే లేస్తది" అనేవాడు సిద్దిరాములు. "మీ డీజిల్ టర్బో నిద్ర లేసేటాల్లకు నేను గుట్టెక్కి బీడీ తాగుత."

"గుట్ట సరే, వాగుల దిగు మరి" అనేవాడు బాలమల్లు. "ప్లగ్గులకు నీళ్లు తాకినయంటే నీ ఆరు సిలిండర్లు గాడనే సస్తయి. డీజిల్‌కు ప్లగ్గే లేదు. గాలి పైపు పైకుంటే సాలు, గుర్రుమనుకుంట ఒడ్డెక్కుతది."

"ఒడ్డెక్కుడు గాదు బావా, దౌడు ఉండాలె, దౌడు!"

"దౌడు దేనికిరా? బరువు గుంజాలంటే కింది నుంచి దమ్ము ఉండాలె. నీ బండి పెండ్లి ఊరేగింపుకు మంచిగుంటది. పూలదండలు గట్టి తోలుకో."

షెడ్డంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వు ఇంకా ఆగకముందే సిద్దిరాములు చేతిలోకి వీల్ పానా వచ్చింది. ఎత్తింది ఎవరికీ కనబడలేదు, తగిలిన చప్పుడు మాత్రం అందరికీ వినబడింది. బాలమల్లు ముందు పళ్లు రెండూ ఊడి పాత ఆయిల్ పట్టే ట్రేలో పడ్డాయి. మనిషి బోర్లా పడితే కూడా వదల్లేదు దుర్మార్గుడు, డొక్కలో తన్నాడు. మల్లేష్, ఇంకో ఇద్దరూ కలిసి లాగితే గానీ పక్కకు రాలేదు.

కోమల ఏడవలేదు, అరవలేదు. మొగుడి నోరు కడిగి మంచం మీద పడుకోబెట్టి, నెత్తురంటిన కొంగుతోనే షెడ్డుకు వచ్చింది.

"నా కడుపుల పుట్టకున్నా నా శేతుల పెరిగినవ్. గందుకే ఈపారికి ఓర్సుకుంటున్న" అంది. "ఇంకోపారి నా పెనిమిటి మీద శెయ్యి లేసిందా, నాకు తమ్ముడు లేడు. నా ఇంట్ల నీకు మెతుకు లేదు. మంచిగ యాది పెట్టుకో."

సిద్దిరాములు ఫోర్‌మన్‌కు భయపడలేదు, జైలుకు భయపడలేదు, ఆ గొంతుకు భయపడ్డాడు. ఆమె నెత్తి మీద చెయ్యి పెట్టి, "నీ మీద ఒట్టక్కా, శెయ్యి లేవది" అన్నాడు.

లేవలేదు కూడా, చెప్పుకోవాలి మరి. కోపమొస్తే షెడ్డు రేకులను గుద్దేవాడు. వేళ్ల కణుపులు పగిలి నెత్తురు కారుతుంటే గుడ్డ చుట్టుకుని వచ్చి మళ్లీ వాదనకు కూర్చునేవాడు. బాలమల్లు కూడా తక్కువ వాడేం కాదు. ఊడిన పళ్ల సందులోంచి గాలి పోతున్నా డీజిల్ గొప్పలు మాత్రం ఆపలేదు.

వానలు పడి వెలిసిన ఒక ఆదివారం, ఊరి బయట దున్నకుండా పడావు పడ్డ రేగడి చేను దగ్గర పందెం పెట్టుకున్నారు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఎవరి బండి ఆగకుండా పోతుందో చూడాలి. కరీంనగర్ నుంచి, చొప్పదండి నుంచి కూడా బండ్లు వచ్చాయి. రేగడి సంగతి తెలుసు కదా, తడిస్తే చెప్పు కూడా వదలదు. బాలమల్లు కింది గేరు వేసి, ఇంజన్ గుర్రుమంటుంటే ఎక్కడా తొందరపడకుండా, అడుగున గట్టినేల దొరకబుచ్చుకుంటూ చేను దాటేశాడు. డీజిల్ జట్టు ఈలలు వేసింది.

సిద్దిరాములు వంతు వచ్చింది. బండి దిగి, చక్రం దగ్గర గొంతుకూర్చుని, అగ్గిపుల్లతో గాలి తియ్యడం మొదలుపెట్టాడు.

"ఏం జేస్తున్నవ్‌రా?" అని అవతలి గట్టు నుంచి బాలమల్లు కేక వేశాడు. "గది మస్కట్ ఇసుక గాదు. గాలి తీస్తే టైరు వెడల్పయి రేగడి ఎత్తుకుంటది. తియ్యకు!"

"నాకు నేర్పకు బావా! నువ్వు ఎడారి జూసినవా ఎన్నడన్న?"

నాలుగు చక్రాలకూ గాలి తీశాడు. ఇసుకలో అయితే అలాగే తియ్యాలి, అతనికి తెలిసిన విద్య అదే. బండెక్కి ఎడారిలో లాగా ఒక్క ఊపున తొక్కాడు. ఆరు సిలిండర్లూ అరిచాయి. సగం చేను దాకా వెళ్లిందో లేదో, మెత్తబడ్డ టైర్లకు నల్లమట్టి గంపలు గంపలుగా పట్టుకుంది. చక్రాలు గుండ్రంగా మట్టిముద్దలైపోయి ఉన్నచోటే తిరిగాయి. ఇంకా తొక్కాడు, ఇరుసు దాకా దిగబడింది. ఇంకా తొక్కాడు, బానెట్ కింద నుంచి పొగలు లేచాయి.

"పెండ్లి బండి ఆగిందిరో! బ్యాండోళ్లను పిలువుండ్రి!" అని ఎవడో అరిచాడు. గట్టు మీద ఉన్నవాళ్లంతా కడుపు పట్టుకుని నవ్వారు. బాలమల్లు కూడా నవ్వాడు, ముందు పళ్లు లేని నోరు బార్లా తెరిచి. సిద్దిరాములుకు అరికాలి నుంచి నెత్తి దాకా ఒళ్లు మండిపోయింది. స్టీరింగు మీద పిడికిళ్లు బిగించి, అక్క మీద వేసిన ఒట్టు గుర్తు చేసుకున్నాడు.

నవ్వినా, గొలుసు తీసుకుని వచ్చింది మళ్లీ బాలమల్లే. తన బండి వెనక హుక్కుకూ, సిద్దిరాములు అతికించుకున్న ఆ ముందు హుక్కుకూ గొలుసు తగిలించాడు. మోకాళ్ల దాకా బురదతో కిటికీ దగ్గరకు వచ్చి చెప్పాడు.

"సూడు బామ్మర్దీ, నువ్వు న్యూట్రల్‌ల పెట్టి కూసో. ఆక్సిలేటర్ ముట్టకు. నేను మెల్లగ గుంజుత. నువ్వు తొక్కినవనుకో, గొలుసు వదులై మళ్ల జాడిస్తది. తొక్కద్దు, ఇన్నవా?"

సిద్దిరాములు తలూపాడు. డీజిల్ బండి కదిలింది. గొలుసు బిగిసింది. పెట్రోలు బండి ముక్కుతూ బురదలోంచి జానెడు పైకి లేచింది. గట్టు మీద మళ్లీ చప్పట్లు, మళ్లీ నవ్వులు, "లాగు లాగు, పెండ్లికొడుకును లాగు!" అని కేకలు. ముందు బండి వెనక అద్దంలోంచి బావ తల కనబడుతోంది. ఆ భుజాలు నవ్వుతో కదులుతున్నట్టే అనిపించింది. నన్ను ఇంతమంది ముందు దూడను లాగినట్టు లాగుతాడా? ఇంతే అనుకున్నాడు. గేరు పడింది, కాలు దిగింది.

బండి కుప్పించి ముందుకు దూకింది. గొలుసు వదులైంది. బాలమల్లు వెనక్కి తిరిగి, "తొక్కకురా!" అని అరవడం అద్దంలోంచి కనబడింది. అంతలో చక్రాలు మళ్లీ గుంటలో పడి బండి ఠక్కున ఆగిపోయింది. ముందు బండి మాత్రం పోతూనే ఉంది. గొలుసు ఒక్కసారిగా బిగిసి జాడించింది. సరిగ్గా అతుకు పడని ఆ హుక్కు బంపరు ముక్కతో సహా ఊడి, గాలిలో లేచి, ముందు బండి వెనక అద్దం పగలగొట్టుకుని లోపలికి దూరింది.

సిద్దిరాములు పరుగెత్తి తలుపు లాగితే బాలమల్లు పక్కకు ఒరిగి అతని మీద పడ్డాడు. కింది దవడ ఉండాల్సిన చోట లేదు. చెంప చీలిపోయి లోపలి ఎముక తెల్లగా కనిపిస్తోంది. గాజు పెంకులు మెడలో దిగి ఉన్నాయి. గొంతులో నెత్తురు గరగరలాడుతోంది. గట్టు మీద ఒక్కడూ నవ్వడం లేదిప్పుడు. "బావా! బావా!" అని అరుస్తూ సిద్దిరాములు తన అంగీ చించి ఆ మొహానికి అదిమిపెట్టాడు.

తన బండి బురదలో చచ్చి పడి ఉంది. చస్తే ఎక్కనన్న డీజిల్ బండే తోలాడు. మల్లేష్ ఒళ్లో బాలమల్లు తల. బురదదారి, గుంతలు, వాగు మీద పొర్లుతున్న నీళ్లు. ఆ బండి దేనికీ ఆగలేదు. భైంసాలో కట్టు కట్టి నిజామాబాద్ పొమ్మన్నారు. అక్కడ దవడను తీగలతో కుట్టారు. ప్రాణం నిలబడింది.

మర్నాడు కోమల రొట్టెల డబ్బా పట్టుకుని వచ్చింది. వార్డు గుమ్మంలో తమ్ముణ్ని చూసి ఆగిపోయింది.

"మళ్ల కొట్టినవా?"

"లేదక్కా! నీ మీద ఒట్టు, శెయ్యి లేవలే."

"హుక్కు ఊడి తాకిందక్కా, కసమ్" అన్నాడు మల్లేష్. "అన్న పానం వెట్టి తోలుకొచ్చిండు. నిన్నటి సంది పచ్చి నీళ్లు ముట్టలే."

కోమల ఊపిరి వదిలింది. కళ్లు తుడుచుకుని, మొగుడి మంచం పక్కన కూర్చుని, డబ్బా మూత తీసింది. "తిను తమ్మీ" అంటూ రొట్టె అందివ్వబోయింది. సిద్దిరాములు చెయ్యి చాచాడు.

అప్పుడే బాలమల్లు మంచం ఇనుప పట్టీ మీద టకటకమని కొట్టాడు. మొహమంతా కట్లు, నోరు తెరవలేడు. ఒక కన్నే కనబడుతోంది. ఆ కన్ను బామ్మర్ది మీద ఉంది. చెయ్యి లేపి, వద్దు వద్దన్నట్టు ఊపాడు. తర్వాత అరచేతిని పాదంలా వంచి, గట్టిగా కిందికి నొక్కాడు. మళ్లీ నొక్కాడు. వేలు సిద్దిరాములు వైపు చూపించాడు.

కోమలకు ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు. ఈ ఇద్దరి బండ్ల గోల ఆమె పొయ్యి దగ్గర ఏళ్ల తరబడి విన్నదే.

"ఈయన వద్దన్నంక తొక్కినవా?"

కాలు జారిందక్కా అనే మాట సిద్దిరాములు నోటి దాకా వచ్చింది. బావ కన్ను ఇంకా అతని మీదే ఉంది.

"తొక్కిన."

"ఎందుకు?"

"నవ్విండక్కా."

కోమల మొగుడి మొహం మీది కట్లు చూసింది. తర్వాత, "నవ్వినందుకు" అంది. "శెయ్యి లేవలేదని ఒట్టేస్తున్నవ్. గా కోపం ఏడికీ పోలేదురా, కాళ్లల్లకు దిగింది. గింత పైకి తాకుంటే నా పుస్తె తెగుతుండె. నా నెత్తి మీద శెయ్యి వెట్టి సెప్పినవ్ కదరా!"

సిద్దిరాములు చాచిన చెయ్యి అలాగే ఉంది. ఆమె ఆ చేతిలో రొట్టె పెట్టలేదు. డబ్బా తీసుకెళ్లి మల్లేష్ ఒళ్లో పెట్టింది.

"నువ్వు తిను తమ్మీ" అంది మల్లేష్‌తో.

వాడు సిద్దిరాములు వైపు చూశాడు, ఆమె వైపు చూశాడు. ఆమె కదల్లేదు. గోడవైపు తిరిగి రొట్టె తుంచుకున్నాడు.