పాలకొల్లులో ఇంజను ఆపిన వ్యాను

పాలకొల్లు వెళ్లేవాళ్లు మామూలుగా క్షీరారామం గుడికో, కొబ్బరికాయల బేరానికో వెళ్తారు. నేను వ్యాన్ డ్రైవర్లతో తగువు పెట్టుకోవడానికి వెళ్లాను. మా రూతక్క ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేసి, "మీ బావకి ఆయాసం ఎక్కువైందే కరుణా. డాక్టరుగారు కొట్టు మూసెయ్యమంటున్నారు" అంది. బావగారిది వాచీలు బాగుచేసే కొట్టు. ఆచంట వైపు వెళ్లే వ్యాన్లు సరిగ్గా దాని ముందే ఆగుతాయి. ఆగడమంటే చక్రాలు ఆగుతాయంతే, ఇంజన్లు ఆగవు. సీట్లు నిండేదాకా బండి స్టార్టింగులోనే ఉంచి పొగ వదులుతూ ఉంటారు. కొట్టు మూయిస్తే మా బావగారు ఆ దిగులుతోనే మంచం పడతారని అక్క భయం. నాదీ అదే భయం.

నేను కొవ్వూరులో సైన్సు టీచర్ని. క్లాసులో చెప్పినట్టు ఊరికి కూడా చెప్పేస్తే ఊరు బాగుపడిపోతుందనే జబ్బు మా వృత్తిలో ఉంది. "డ్రైవర్ సోదరులారా! బండి ఆగినప్పుడు ఇంజను ఆపండి" అని కరపత్రాలు అచ్చువేయించి, డిసెంబరులో రెండు రోజులు సెలవు పెట్టి బయల్దేరాను.

తెల్లవారుజామున మొదటి బస్సుకి కొవ్వూరు నుంచి నిడదవోలు చేరి, స్టేషన్ ఎదుట హోటల్లో పెసరట్టు తిన్నాను. అల్లం పచ్చడి బాగుంటుంది, వెళ్లేవాళ్లు మరిచిపోకండి. ఎనిమిదిన్నర ప్యాసింజరు తొమ్మిది దాటాక కదిలింది. ఎదుటి సీట్లో అత్తిలి వెళ్తున్న పెద్దాయన నా సంచీలోకి చూసి, "దేవుడి కరపత్రాలా అండి?" అన్నారు. నా మెడలో సిలువ చూసి అడిగినట్టున్నారు. పొగ గురించి అని చెప్పి ఒకటిచ్చాను. ఆయన శ్రద్ధగా చదివి, మడతపెట్టి, అందులో వేరుశనక్కాయలు పోసుకున్నారు.

తణుకు దగ్గర మా రైలు కోసం గేటు పడి, చెరుకు ట్రాక్టర్లు బారుగా నిలబడి ఉన్నాయి. ఒక్కటీ ఇంజను ఆపలేదు. మంచులో కలిసిన పొగ మా పెట్టెలోకి వచ్చింది. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "రైలు వెళ్లేదాకా ఆపుకోవచ్చు కదండీ!" అన్నాను.

"ఎలా ఆపుతారండీ? గేటు లెగిసిన క్షణం ఎనకాలోడు హారను కొట్టేత్తాడు. ఆపినోడు ఎనకబడిపోయినట్టేనండి" అన్నారు పెద్దాయన, కాయలు వలుస్తూ. అప్పుడా మాట నా చెవికి ఎక్కలేదు.

భీమవరంలో బండి చాలాసేపు నిలబడిపోయి, పాలకొల్లు చేరేసరికి ఒంటిగంట అయింది. అక్క బొమ్మిడాయిల పులుసు వండింది. తిని లేచి, చేతుల తడి ఆరకముందే స్టాండుకి వెళ్లాను. కొట్లో బావగారు కంటికి భూతద్దం పెట్టుకుని, ఒక వాచీ చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు. నన్ను చూసి, "వచ్చావా మరదలా! డ్రైవర్లందరికీ బెంచీ ఎక్కించే శిక్షేనా?" అన్నారు. ఆ ఒక్క మాటకి రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకున్నారు. ఆయన ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

వరసలో మొదటి వ్యాను సత్తిబాబు అనే అతనిది. తగువుకి సిద్ధపడి వెళ్లాను గాని, అతను చాలా మర్యాదస్తుడు. కరపత్రం చదివించుకుని విని, "ఆయ్, వాచీల మాస్టారి గురించి తెల్సండి. ఇదిగో, ఆపేత్తన్నానండి" అని వెంటనే ఆపేశాడు. ఇంత తేలికా అనుకున్నాను. నా సంతోషం చల్లారక ముందే వ్యానులో ఒక పెద్దావిడ, "ఇది ఇప్పట్లో కదిలేలా లేదే, దిగండి దిగండి" అంది. ఒకరి వెనక ఒకరు దిగి, వెనక బడబడలాడుతున్న వ్యానులోకి ఎక్కేశారు. ఆ వ్యాను నిండిపోయి ముందు వెళ్లిపోయింది. సత్తిబాబు, "చూశారు కదండీ" అని మళ్లీ స్టార్ట్ చేశాడు. బండి మోగుతుంటేనే బయల్దేరుతుందని జనం నమ్మకం. నాకు తల కొట్టేసినట్టయింది.

రాత్రి అక్కా నేనూ మాట్లాడుకుంటుంటే అక్కే అంది, "మోతని చూసే కాదే, మనుషుల్ని చూసి కూడా ఎక్కుతారు. ఖాళీ బండి ఎవరెక్కుతారు చెప్పు?" మర్నాడు తొమ్మిదింటికి ఇద్దరం మంచి చీరలు కట్టుకుని, చేతిసంచులతో సత్తిబాబు వ్యానులో ఆచంట ప్రయాణికుల్లా కూర్చున్నాం. ముందు బండి అప్పుడే వెళ్లింది, తర్వాతది ఇంకా రాలేదు. సత్తిబాబు దండం పెట్టుకుని మరీ ఇంజను ఆపాడు.

జనం వచ్చి తొంగిచూసి, వెళ్లి చెట్టు కింద నిలబడుతున్నారు. ఇది చూసి బావగారు కొట్టు దిగి నెమ్మదిగా నడిచొచ్చారు. "పెళ్లివారి బండి అనుకుంటున్నారు మిమ్మల్ని చూసి. జరగండి" అని అక్క పక్కన కూర్చున్నారు. మగమనిషి కూడా ఉన్నాడనేమో, నలుగురు ఎక్కారు. తర్వాత చేపల గంపతో ఒకావిడ, ఇంకో ఇద్దరు. "స్టార్ట్ చెయ్యవేంటయ్యా?" అని సణుగుడు మొదలైంది. అదీ సద్దుమణిగాక, వ్యానులో సన్నగా ఈల లాంటిది వినిపించింది. ఆగుతోంది, మళ్లీ వస్తోంది.

"ఎవరే ఆ ఈలేత్తంది?" అంది గంప ఆవిడ.

నెమ్మదిగా అందరి చూపూ బావగారి మీదికి వచ్చింది. ఆయన ఛాతీ ఎగిరెగిరి పడుతోంది. ముప్ఫై ఏళ్లుగా అదే చోట కూర్చున్న మనిషి ఊపిరి ఆ జనం వినడం అదే మొదటిసారి. నేనూ అంత దగ్గరగా ఎప్పుడూ వినలేదు. అక్క ఆయన వీపు మీద చెయ్యేసి తల వంచుకుంది.

"వాచీల మాస్టారు కదా మీరు! ఇంత ఆయాసమా? ఎన్నాళ్లబట్టండీ?" అంది గంప ఆవిడ.

"చాన్నాళ్లయిందమ్మా. ఈ పొగకి ఎక్కువైంది."

"మరి మాకెవరికీ చెప్పలేదేంటండీ?"

"చెప్పానమ్మా," అన్నారు బావగారు నవ్వి, ఊపిరి అందాక, "ఇంజను మోతలో మీకు వినపళ్లేదు."

అంతలో తర్వాతి వ్యాను బడబడా వచ్చి వెనక ఆగింది. "ఆచంట, ఆచంట!" అని కేక. మా వ్యానులో ఇద్దరు లేవబోయారు. "కూకోండి! ఇదే ముందెల్లుద్ది," అని కసిరింది గంప ఆవిడ. తర్వాత కిటికీలోంచి తల బయటపెట్టి, "ఒరేయ్ అబ్బాయ్, ఆపరా దాన్ని!" అని అరిచింది. ఒక కుర్రాడు దిగి ఆ బండే ఎక్కాడు, మిగతావాళ్లు కదల్లేదు. వెనక డ్రైవరు కూడా ఇంజను ఆపాడు. కాసేపటికి మళ్లీ స్టార్ట్ చేశాడనుకోండి, అది వేరే సంగతి.

మా వ్యాను నిండి, మా చోట్ల కోసం ఇంకో ముగ్గురు బయట నిలబడ్డారు. మేం ముగ్గురం దిగుతుంటే, "మీరు రారా?" అంది ఆవిడ. "మేమెక్కడికీ కాదమ్మా" అంది అక్క. ఆవిడ నవ్విన నవ్వుకి గంప మీది తడిగుడ్డ జారిపడింది.

మధ్యాహ్నం బండికి బయల్దేరుతుంటే అక్క, "కొట్టు సంగతి ఈ నెలాఖరుదాకా చూద్దామన్నానే మీ బావతో. పొద్దుటి ట్రిప్పుకి రోజూ నేను వెళ్లి కూర్చుంటాను. సత్తిబాబు సరేనన్నాడు" అంది. పని లేకుండా గుమ్మం దాటని మనిషి మా అక్క. బావగారు రిక్షా దాకా వచ్చి, "మరదలా, నీ కరపత్రం బాగానే ఉంది గాని, ఉత్తరం ఒకరిది, అడ్రసు ఇంకొకరిది" అన్నారు. నాకు కోపం రాలేదు. ఆయన అన్నది నిజమే, పైన 'డ్రైవర్ సోదరులారా' అని అచ్చువేయించాను మరి.

నిడదవోలులో దిగేసరికి చీకటి పడింది. స్టేషన్ బయట కొవ్వూరు ఆటోలు రెండున్నాయి. ఒకటి మోగుతోంది, దాదాపు నిండింది, డ్రైవరు నన్నే పిలుస్తున్నాడు. రెండోది చడీచప్పుడు లేకుండా ఖాళీగా ఉంది. చలి, ఆకలి, ఇంటి మీద బెంగ. నిన్నటి నేనైతే ఒక్క క్షణం ఆలోచించను. వెళ్లి ఖాళీ ఆటోలో కూర్చున్నాను. ఆ డ్రైవరు కంగారుగా స్టార్ట్ చేయబోయాడు.

"ఉంచండి, నిండాక చేద్దురుగాని" అన్నాను.

"ఆపి ఉంచితే జనం ఎక్కరండి."

"నేనెక్కాను కదా!"

మోగుతున్న ఆటో వెళ్లిపోయింది. చాలాసేపటికి పిల్లనెత్తుకుని ఒకావిడ వచ్చి, లోపలికి తొంగిచూసి, "ఇది కదులుద్దా అండి?" అంది.

"కదులుతుంది, రామ్మా" అని జరిగి చోటిచ్చాను.